రికార్డులో లేని పన్నెండు నిమిషాలు

మా బావను ఆఫీసులో అందరూ రికార్డు మాస్టారు అంటారు. పాఠాలు చెప్పే మాస్టారేం కాదు, మొబైల్ కంపెనీలో ఇంజినీరు. కానీ ఎదుటివాడు నోరు తెరిచాడో లేదో, అందులో తప్పెక్కడుందా అని వెతికే రకం కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. అదే కంపెనీలో, అదే భవనంలో ఏసీ మెకానిక్‌ని. పైగా నా మకాం కూడా వాళ్ళింటి మేడ మీద గదిలోనే. పగలు ఆఫీసులో, సాయంత్రం ఇంట్లో, పద్నాలుగేళ్ళుగా ఆయన్ని భరిస్తున్నవాణ్ణి. ఆయన కథ చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికుంది?

ముందు ఆయన పనేమిటో చెప్పాలి, లేకపోతే మిగతాది బుర్రకెక్కదు. మీరు ఎవరికో ఫోను చేశారనుకోండి. ఎక్కడో ఒక చల్లటి గదిలో, బీరువాలంతేసి యంత్రాలు మీ మాటను అవతలివాళ్ళకు అందిస్తాయి. అందించి ఊరుకోవు. ఎవరు, ఎవరికి, ఎన్నింటికి చేశారు, ఎంతసేపు మాట్లాడారు అని ఒక వరుస రాసి పెట్టుకుంటాయి. అదే రికార్డు. ఫోనులో సినిమా చూసినా రికార్డే. ఇంత డేటా అయిపోగానే ఒకటి, లేదా పావుగంట గడవగానే ఒకటి మూసేసి కొత్తది తెరుస్తాయి. ఆ రికార్డులన్నీ మూటగా బిల్లులు వేసేవాళ్ళకు చేరతాయి. ఏ నంబరుకు ఛార్జి వేయాలి, దేనికి వేయకూడదు, దేనికి రికార్డు రాయాలి, ఎప్పుడు మూయాలి అని ఆ యంత్రాలకు నియమాలు పెట్టేది మా బావ. ఆ యంత్రాలు వేడెక్కకుండా చూసేది నేను. మా ఇద్దరిలో ఎవరి పని గొప్పదో ఆయన్ను అడగకండి, పావుగంటకో రికార్డు చొప్పున చెబుతాడు.

ఆయన మతం ఒక్కటే. రికార్డులో ఉంటే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారే, అలాగన్నమాట. ఈ సిద్ధాంతాన్ని ఆఫీసు గేటు దగ్గరే వదిలేసి వచ్చుంటే మాకే బాధా ఉండేది కాదు. ఇంటికి కూడా మోసుకొచ్చేవాడు. పంపు కారుతోందని మొన్నే చెప్పానని మా అక్క అంటే, ఏ రోజు చెప్పావు, ఎన్నింటికి చెప్పావు, ఎంతసేపు చెప్పావు అని అడిగేవాడు. మాటకు మాట పెరిగి పావుగంట దాటితే, మొదటి గొడవ మూసేసి ఇక్కణ్ణుంచి రెండోదిగా లెక్కపెట్టాలని ఒకసారి సెలవిచ్చాడు. మా అక్క మొదటిది మూయకుండానే ఆ పూట ఇంకో నాలుగు తెరిచింది. పంపు మాత్రం కారుతూనే ఉంది.

ఉన్నమాట చెప్పుకోవాలి, మనిషి నిజాయితీపరుడు. ఆ విభాగంలో ఇంజినీర్లందరూ పరీక్ష కోసమని చెప్పి తమ సొంత నంబర్లను ఉచితాల జాబితాలో పెట్టుకునేవాళ్ళు. పరీక్ష అయిపోయేది, నంబర్లు మాత్రం అక్కడే ఉండిపోయేవి. బావ ఆ విభాగానికి వచ్చిన మొదటి వారంలోనే అందరి నంబర్లూ తీసిపారేశాడు, వాళ్ళు మర్యాదకు చేర్చిన తనదే మొదట తీశాడు. ఆర్నెల్లపాటు సగం మంది ఆయనతో మాట్లాడలేదు. ఆయనకది లోటుగా కూడా తోచలేదు, ఎందుకంటే మాట్లాడకపోతే రికార్డుండదు.

ఆయనకు ఒక ప్రశంసాపత్రం ఉంది. ఏడేళ్ళ కిందట కంపెనీ ఇచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి, గుమ్మంలోకి రాగానే కళ్ళకు కొట్టేలా హాల్లో వేలాడదీశాడు. అనవసరమైన రికార్డులను ఆపించి డిస్కులో చోటు ఆదా చేసినందుకు, అని ఉంటుంది అందులో. ఇంటికొచ్చినవాళ్ళు అది చదివితేగాని వాళ్ళకు మంచినీళ్ళు దక్కేవి కావు. మా అక్క దాని మీద దుమ్ము దులిపేది కాదు. ఎందుకు దులపవని అడిగితే, చోటు ఆదా చేసిన మనిషి దుమ్ము కూడా ఆయనే ఆదా చేసుకుంటాడులే అనేది.

ఇక నా మెడకు చుట్టుకున్న సంగతికి వస్తాను. మా కంపెనీలో సిబ్బంది కోసం ఒక ఉచిత నంబరు ఉంది. ఏ యంత్రానికి ఏమైనా, ఊరికి అవతలి చివరనున్న కంట్రోలు రూముకు ఆ నంబరు మీదే చెప్పాలి. యంత్రాల గదుల్లోకీ బావ వాళ్ళ అంతస్తులోకీ సొంత ఫోన్లు తీసుకెళ్ళకూడదు. నాకు మాత్రం కంపెనీ ఒక చిన్న డబ్బా ఫోను ఇచ్చింది. ఇళ్ళల్లో ఉన్న ఆడవాళ్ళు తెలివైనవాళ్ళు. ఆ ఉచిత నంబరుకు చేసి, మా ఆయన్ని పిలవండి అంటే కంట్రోలు రూము ఆయన మొగుళ్ళ బల్ల మీదున్న ఫోనుకు కలుపుతాడని ఎవరో కనిపెట్టారు. కలపక ఏం చేస్తాడు, వాళ్ళావిడా చేసేది అక్కడికే. భోజనాల వేళ ఆ లైను మీద గ్యాసు బండలు, స్కూలు ఫీజులు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు తప్ప మరో మాట వినపడేది కాదు. మా అక్క రోజూ ఒంటిగంటకు తప్పనిసరిగా, మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా చేసేది. బావ రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కీబోర్డు కొట్టుకుంటూ ఊ అంటుండేవాడు. అక్క ఏం చెప్పినా ఊ.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు పది నిమిషాలుందనగా మూడో గదిలో ఏసీ ఆగిపోయింది. పక్కనే మారు ఏసీ ఉంది, మీట నొక్కితే తిరుగుతుంది. కానీ కంట్రోలు రూము నుంచి అనుమతి నంబరు తీసుకోకుండా దాన్ని ముట్టుకోకూడదు. రెండేళ్ళ కిందట ఒకసారి నాకు ఒళ్ళు మండి, అనుమతి లేకుండానే నొక్కేశాను. యంత్రాలు చల్లబడ్డాయి, నాకు మెమో వచ్చింది. రెండో మెమో వస్తే ఉద్యోగం ఊడుతుందని అందులోనే రాశారు. అందుకని ఈసారి బుద్ధిగా ఫోను చేశాను. కంట్రోలు రూము ఆయన ఎత్తాడు. ఏసీ ఆగింది, మారు ఏసీ వేస్తాను, నంబరివ్వండి అన్నాను. ఆఫీసర్ని అడిగి చెబుతాను, నువ్వు అక్కడే ఉండు, లైన్లో ఇంకెవరో ఉన్నారు అని పెట్టేశాడు.

నేను అక్కడే ఉన్నాను. గది వదిలి వెళ్ళకూడదని అదో నియమం. మళ్ళీ రెండుసార్లు చేస్తే ఎంగేజ్. ఎవరింట్లో ఏ గ్యాసు బండ అయిపోయిందో మరి. తలుపులు బార్లా తెరిచి, రెండు స్టాండు ఫ్యాన్లు తెచ్చి పెట్టాను. ఒంటిగంటా ఇరవైకి యంత్రాలు తమను తాము ఆపేసుకున్నాయి. సగం ఊరు రెండు గంటలసేపు ఫోనులేక నోరు మూసుకుంది. నా ఫోను నడిచేది వేరే గది యంత్రాల మీద, అందుకని అవి ఆగిన దగ్గర్నుంచి గంటలో నేను ముప్పై మందికి ఫోన్లు చేసి ఉంటాను. నా డబ్బా ఫోను పది కాల్సే గుర్తుపెట్టుకుంటుంది, పాతవి చెరిపేసుకుంటుంది. అసలు ఫోన్లో కనబడేది సాక్ష్యమే కాదు, యంత్రం రాసిందే సాక్ష్యమని కంపెనీ నియమం. ఆ నియమం రాసింది ఎవరని అడగరేం? మా బావే.

కంట్రోలు రూము ఆయన నాకసలు ఫోనే రాలేదన్నాడు. వచ్చిన ఫోన్లు రాసుకునే ఆయన పుస్తకంలోనూ నా పేరు లేదు. విచారణ పెట్టారు. మా భవనానికి పెద్దాఫీసరూ, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక కళ్ళజోడాయనా బల్లకు అటు కూర్చున్నారు, నేను ఇటు నిలబడ్డాను. రికార్డు తెమ్మని బావకు కబురు పెట్టారు. సొంత మనిషి వస్తున్నాడు కదా అని నేను లోపల ఊపిరి పీల్చుకున్నాను. నా అంత వెర్రివాడు ఇంకొకడుండడు.

బావ ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ఒక కాగితంతో వచ్చాడు. నా నంబరు నుంచి ఆ రోజు పన్నెండు గంటల నుంచి రెండింటివరకు వెళ్ళిన ఫోన్లన్నీ చదివాడు. పన్నెండూ నలభైకి టీ కొట్టుకు చేసిన ఫోను ఉంది, ఇరవై రెండు సెకన్లు. ఒంటిగంటా ఇరవై నాలుగు నుంచి చేసినవన్నీ ఉన్నాయి. మధ్యలో కంట్రోలు రూముకు చేసింది మాత్రం లేదు.

"అంటే టీ చెప్పడానికి తీరిక ఉందిగానీ, ఏసీ ఆగిందని చెప్పడానికి తీరిక లేదన్నమాట" అన్నాడు పెద్దాఫీసరు.

నేను బావ వంక చూశాను. ఆయన కాగితం వంక చూశాడు. ఇతను ఫోను చేశానంటున్నాడు, మీరేమంటారు అని కళ్ళజోడాయన అడిగితే, రికార్డులో లేదు సార్ అని కాగితం మడిచి ఇచ్చేశాడు. వారంలో తుది విచారణ, ఆ తర్వాత నేను ఇంటికి. ఏ ఇంటికంటే, ఆయన మేడ మీద గదికే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఇక్కడ రాయదగ్గవి కావు. బావ తొణక్కుండా, నేను నీకు వ్యతిరేకంగా చెప్పలేదురా, రికార్డులో ఏముందో అది చెప్పాను అన్నాడు. కడుపులో ఏమీ లేని నెమ్మది. అదే నన్ను ఎక్కువ మండించింది.

మా అక్క వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు ఒంటిగంటకు నేను మీకు ఫోను చేశాను కదండీ. ఆ నంబరుకే. అది ఉందా మీ రికార్డులో?"

"ఉండే ఉంటుంది."

"చూశారా?"

"నీ ఫోనెందుకు చూస్తాను?"

"ఓసారి చూడండి" అంది. తర్వాత చెప్పింది, ఆ మాట నేనూ అప్పుడే వినడం. అక్క ఆ రోజు రోజూకన్నా కొంచెం ముందే చేసిందట. కంట్రోలు రూము ఆయన, ఒక్క నిమిషం ఆగమ్మా, మీ తమ్ముడే లైన్లో ఉన్నాడు, ఏసీ ఏదో ఆగిందట అని తనను ఆపాడట. ఆ తర్వాత బావకు కలిపాడట.

"మీరు ఎత్తగానే మొట్టమొదట అదే చెప్పాను. తమ్ముడు కంగారుగా ఉన్నాడట, మీరున్న భవనమే కదా, ఒక్కసారి కిందికెళ్ళి చూడండి అన్నాను. మీరేమన్నారో గుర్తుందా?"

బావ గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. పాపం, నిజంగానే చూశాడు.

"ఊ అన్నారు" అంది అక్క. గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు బావ ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేశాడు. చెప్పులు విడవకుండానే హాల్లో కూర్చున్నాడు. మా అక్క నంబరు నుంచి వెళ్ళిన ఫోన్లన్నీ తీయించాడట. కూరల కొట్టుకు చేసినవి ఉన్నాయి, నాకు చేసినవి ఉన్నాయి, ఎవరికో పొరపాటున చేసిన రాంగు నంబరు కూడా ఉంది. ఆ ఉచిత నంబరుకు చేసినవి మాత్రం లేవు. ఆ రోజువీ లేవు, ముందురోజువీ లేవు. ఏడేళ్ళ కిందటి దాకా వెనక్కి వెళ్ళి చూశాడు.

"రికార్డు ప్రకారం ఏడేళ్ళుగా మీ అక్క నాతో ఒక్కసారీ ఫోన్లో మాట్లాడలేదురా" అన్నాడు.

లేచి మంచం కింద నుంచి రేకు పెట్టె లాగాడు. ఆయన తన జీవితంలో రాసిన ప్రతి ఫారానికీ నకలు అందులో ఉంటుంది. ఏడేళ్ళ కిందటి ఫారం ఒకటి తీశాడు. యంత్రంలో ప్రతి నంబరుకూ రెండు వేర్వేరు వరుసలుంటాయట. ఛార్జి వేయాలా వద్దా అని ఒకటి, రికార్డు పంపాలా వద్దా అని ఇంకొకటి. ఉచిత నంబరుకు మొదటిది ఆపితే చాలు. బావ రెండూ ఆపేశాడు. ఛార్జి లేనిదానికి రికార్డెందుకు, డిస్కులో చోటు దండగ అని కారణం రాశాడు. ఆ కాగితానికే ఆ ప్రశంసాపత్రం. గోడ మీద వేలాడుతోందే, అదే.

 ఏడేళ్ళుగా యంత్రం నోరు ఆయనే కట్టేసి, అది పలకడం లేదు కాబట్టి నేను అబద్ధాలకోరునని నలుగురిలో నిలబెట్టాడు. నిజంగా డిస్కులో చోటు కోసమేనా బావా అని అడిగాను. ఆయన అక్క వంక చూశాడు, తర్వాత నేల వంక చూశాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏడేళ్ళ కిందట తనిఖీవాళ్ళు ఆ ఉచిత నంబరును ఎవరెవరు ఎక్కువ వాడుతున్నారో రాబోయే నెల జాబితా ఇమ్మన్నారట. బావ ముందుగా అయిపోయిన నెలది తీసి చూసుకున్నాడు. మొట్టమొదటి పేరు మా అక్కది, నెలకు రెండువందల పన్నెండు ఫోన్లు. రెండో పేరు ఇప్పటి పెద్దాఫీసరు భార్యది. ఆయన అప్పుడు బావకు పై అధికారి, ఇంకా పెద్ద కాలేదు. ఇద్దరూ తలుపులు వేసుకుని మాట్లాడుకున్నారు. బావ ఫారం రాశాడు, ఆయన సంతకం పెట్టాడు. తనిఖీ కంటికి ఆ ఇళ్ళల్లో అందరూ మూగవాళ్ళైపోయారు. పెళ్ళాం ఎక్కువ మాట్లాడుతుందని లోకానికి తెలిస్తే తలవంపులని, జన్మలో చేయని తప్పు ఆ ఒక్కటీ చేశాడు మా మాస్టారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా.

అక్క ఆయన మీద విరుచుకుపడుతుందనుకున్నాను. ఆవిడ, రెండో ఆవిడవి ఎన్ని అని అడిగింది. నూట తొంభై అన్నాడు బావ. ఆ ఒక్క క్షణం అక్క ముఖంలో నాకు గర్వం కనబడింది, ఒట్టు.

మర్నాడే బావ ఆ ఫారం పట్టుకుని పెద్దాఫీసరు దగ్గరికెళ్ళాడు. ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, తర్వాత తెలిసింది. ఇది బయటికొస్తే నీకు రావలసిన ప్రమోషన్ ఆగిపోతుంది, ప్రశంసాపత్రం వెనక్కి తీసుకుంటారు, నేనూ మునుగుతాను అన్నాడట పెద్దాఫీసరు. మీ బావమరిదిది ఎంత ఉద్యోగం, వాడికి నేను ఇంకోచోట చూపిస్తాను, ఇంతకన్నా మంచి కంపెనీలో. ఈ కాగితం మళ్ళీ పెట్టెలో పెట్టెయ్. అంతేనట. టీ కూడా ఇచ్చి పంపాడట.

రెండు రోజులు బావ నాతో మాట్లాడలేదు. మింగలేక కక్కలేక అలా తిరిగాడు. రాత్రి భోజనం దగ్గర తల ఎత్తలేదు. నేను నా పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆ ఇంట్లో అన్నం నాకు సహించక. అక్క మెట్లెక్కి వచ్చి, పెట్టెలోంచి నా చొక్కాలు తీసి మళ్ళీ కొక్కేలకు తగిలించి దిగిపోయింది.

తుది విచారణకు కళ్ళజోడాయనా, పెద్దాఫీసరూ అలాగే కూర్చున్నారు. బావను మళ్ళీ పిలిచారు. ఈసారి రికార్డులో ఇంకేమైనా కనబడిందా అని కళ్ళజోడాయన అడిగాడు. పెద్దాఫీసరు, ఏముంటుంది సార్, అదే కదా, ముగిద్దాం అన్నాడు. బావ ఫారం తీసి బల్ల మీద పెట్టాడు.  ఆ నంబరుకు ఏడేళ్ళుగా రికార్డు రావడం లేదని, రాకుండా ఆపింది తానేనని, ఇదిగో తన సంతకమని, దాని కింద ఎవరి సంతకముందో కూడా చూడమని చెప్పాడు. పెద్దాఫీసరు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

కళ్ళజోడాయన ఫారం రెండుసార్లు చదివాడు. మంచివాడే కానీ ఆయనదీ అదే బడి. దీనివల్ల ఫోను చేయలేదని రుజువు కాదు, నిజమే, కానీ చేశాడని కూడా రుజువు కాదు కదా అన్నాడు. అప్పుడు బావ, ఆ లైను మీద ఇతని తర్వాత ఫోను చేసిన మనిషి ఉందని, ఇతను లైన్లో ఉన్నాడని కంట్రోలు రూము ఆయనే ఆవిడతో చెప్పాడని, ఆవిడ తన భార్య అని చెప్పాడు. బల్ల మీది గడియారం ప్రకారం పన్నెండూ యాభై అయిదు నుంచి ఒంటిగంటా ఏడు వరకు తనతో మాట్లాడిందన్నాడు.

"పన్నెండు నిమిషాలు. దీనికైనా రికార్డుందా?" అన్నాడు కళ్ళజోడాయన.

గదిలో ఏసీ తిరుగుతోంది. అది నేను మరమ్మతు చేసిందే. బావ ఒకసారి నా వంక చూశాడు.

"లేదు సార్. కానీ మాట్లాడింది. మా తమ్ముడు ఏసీ గురించి ఫోను చేస్తున్నాడు, కిందికెళ్ళి చూడండి అని నాకు చెప్పింది. నేను రెండంతస్తులు దిగితే సరిపోయేది. ఫోను పట్టుకున్నది నేనే, విననిదీ నేనే. రికార్డు లేదు సార్, నా మాటే."

నా మాటే అన్న మనిషిని అంతవరకూ నేను చూడలేదు. అప్పుడు నాకు ఆయన మీద కోపం పోయిందని చెప్పను, పోలేదు. కానీ కిటికీ వంక తిరిగి నిలబడ్డాను.

కంట్రోలు రూము ఆయన్ను పిలిచి ఇదంతా చెబితే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. ఆ రోజు ఒకేసారి ఆరుగురు ఆడవాళ్ళు లైన్లో ఉన్నారని, కలిపేసరికి ఏసీ సంగతి మరిచిపోయానని ఒప్పుకున్నాడు. నాకు రెండో మెమో తప్పింది. ఆయనకు మెమో వచ్చింది. బావ ప్రమోషన్ ఆగింది, ప్రశంసాపత్రం ఫ్రేముతో సహా తిరిగిచ్చేశాడు. పెద్దాఫీసర్ని శిక్షగా ఇంకా పెద్ద ఆఫీసుకు బదిలీ చేశారు. గోడకు మిగిలిన మేకుకు అక్క గొడుగు తగిలించింది.

బావ ఆ రెండో వరుస సరిచేశాడు. ఛార్జి వద్దు, రికార్డు కావాలి. ఇప్పుడు ఆ లైను మీద ఎవరు మాట్లాడినా రాసి ఉంటుంది. భవనంలో మగవాళ్ళందరూ ఆయన మీద పళ్ళు నూరుతున్నారు, ఇళ్ళల్లో ఆడవాళ్ళు అంతకన్నా ఎక్కువ. అయినా ఎవరూ ఫోన్లు మానలేదు. మొదటి నెల జాబితాలో మళ్ళీ మా అక్కే మొదలు. బావ దాన్ని తనిఖీకి తానే పంపాడు.

అంతకుముందు, తుది విచారణ మర్నాడే, నేను మూడో గదిలో ఏసీ వడపోత జాలీ కడుగుతున్నాను. డబ్బా ఫోను మోగింది. అక్క.

"ఒరేయ్, ఓసారి పైకెళ్ళి మీ బావను చూడరా. ఒంట్లో బాగాలేదేమో."

ఏమైందని అడిగాను. ఇప్పుడే ఫోను చేశానంది. పంపు గురించి చెబుతుంటే ఊ అనలేదట. కీబోర్డు చప్పుడు కూడా లేదట. తను మాట్లాడి మాట్లాడి, ఉన్నారా అని అడిగితే, ఉన్నాను, వింటున్నాను, ఇంకా చెప్పు అన్నాడట.

"ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అలా అనలేదురా" అంది. "నాకు భయమేసి పెట్టేశాను."